సరిదిద్దిన కన్ను

పాత ప్లాను మీద ట్రేసింగ్ కాగితం పరిచి, నాలుగు మూలలా టేపు అంటించి, స్కేలాయన ఊపిరి బిగబట్టి గీత లాగుతున్నాడు. కింది కాగితంలో ఒక ప్రహరీ గోడ ఉంది. ఎప్పుడో ముప్పై ఏళ్ళ కిందట ఎవరో గీసిన గోడ. ఆ గీసినవాడికి చెయ్యి వణికిందో, పక్కవాడి మోచెయ్యి తగిలిందో కాని, గోడ మధ్యలో చిన్న వంపు తేలింది. అది గోడలో ఉన్న వంపు కాదని, గీసిన చేతిలో ఉన్న వంపని చూసినవాడెవడికైనా తెలుస్తుంది. స్కేలాయన ఆ వంపును కూడా వెంట్రుకవాసి తేడా లేకుండా పైకాగితం మీదికి దించాడు. దించి, ఆ గీసినవాణ్ణి మనసులోనే నాలుగు తిట్టాడు.

ట్రేసరు ఉద్యోగానికి నియమం ఒక్కటే. ఉన్నది ఉన్నట్టు దించాలి. తప్పుంటే తప్పుతో సహా దించాలి. చేరిన కొత్తలో ఆయన వంకరగా ఉన్న ఒక మురుగుకాలవను చూడలేక తిన్నగా గీశాడు. పై ఆఫీసరు పిలిచి, "కాలవ నిన్నడిగి తిరుగుతుందా?" అన్నాడు. గదిలో అందరూ పగలబడి నవ్వారు. ముప్పై రెండేళ్ళయినా ఆ నవ్వు ఆయన చెవుల్లోంచి పోలేదు. అప్పట్నుంచి ఎవరి వంకరలు వాళ్ళకే వదిలేశాడు, కనీసం ఆఫీసులో.

మనిషి సన్నం. కుడిచేతి మధ్యవేలి పక్కన ఇంకు ఇంకిపోయి నల్లబడిన కాయ. చొక్కా జేబులోంచి అరడుగు స్కేలు ఎప్పుడూ తల బయటపెట్టి చూస్తుంటుంది. ఆ స్కేలు వల్లే ఆ పేరు. అసలు పేరు జీతాల రిజిస్టరులో భద్రంగా ఉంది. గదిలో మిగతావాళ్ళందరూ కంప్యూటర్ల ముందు కూచుంటారు. చెదలు తిన్న ప్లానులు, ముట్టుకుంటే రాలిపోయేవి మాత్రం ఈయన బల్ల మీదికి వస్తాయి.

ఇవాళ శనివారం, ఒంటిగంటకి సెలవు. బల్ల పక్కన సంచిలో రెండు అట్టల మధ్య ఒక బొమ్మ ఉంది. తన మొహమే. రెండు నెలలుగా అద్దం ముందు కూచుని గీసుకున్నాడు. దాన్ని తీసుకుపోయి ఒక మనిషి చేతిలో పెట్టి, పెన్సిలిచ్చి, "ఎక్కడ కావాలంటే అక్కడ దిద్దు. మొత్తం చెరిపేసినా సరే" అనాలి. అనడానికి నోరు రావడానికే పదకొండు నెలలు పట్టింది.

పొద్దున్న భార్య టిఫిను డబ్బా సర్దుతూ నిలదీసింది.

"ఇవాళన్నా వెళ్తారా, లేకపోతే ముక్కు ఇంకా కుదర్లేదంటారా?"

"వెళ్తాను."

"తప్పయిపోయిందమ్మా అంటే నోటి ముత్యాలేం రాలిపోవు. ఆ ముక్క అనడానికి ఇంత బొమ్మెందుకో నాకర్థం కాదు."

"బొమ్మతో చేసిన తప్పు."

"అయితే బొమ్మే మాట్లాడుతుందా? మీరు నోరు తెరవండి చాలు," అని డబ్బా చేతికిచ్చింది.

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. మాటతో పోయేదాన్ని ఆయన గీతల్లో నానబెట్టాడు.

ఫ్రేములు కట్టే షాపు వెనక గదిలో శనివారం శనివారం కూడేవాళ్ళు స్కేలాయనతో కలిపి ఆరుగురు. ఒక్కరూ చెప్పుకోదగ్గ చిత్రకారులు కారు. బస్సు డ్రైవరు ఆగిన ప్రతి సిగ్నలు దగ్గరా అద్దంలో కనిపించిన మొహాలు గీసుకొస్తాడు. ఏ మొహానికీ గడ్డం పూర్తిగా ఉండదు, అప్పటికి పచ్చ లైటు పడిపోతుంది. రిటైరైన లెక్కల మాస్టారు మబ్బులు తప్ప ఇంకేం వెయ్యడు. బడి గంట కొట్టే ఆయా ఐస్‌క్రీం పుల్లలతో కుర్చీలు చేస్తుంది, చీమ తప్ప ఎవరూ కూచోలేనంత చిన్న కుర్చీలు. ఫ్రేములాయన మిగిలిపోయిన చెక్కముక్కల మీద పిట్టలు చెక్కుతాడు. ఆరో మనిషి కుట్టక్క.

ఆసుపత్రిలో దుప్పట్లకీ, దిండు గలీబులకీ అంచులు కుట్టడం ఆమె పని. యాభై దాటిన మనిషి, పొట్టి, చూపుడువేలి చివర సూది గుచ్చి గుచ్చి గరుకు తేలిన చర్మం. గుడ్డ మీద గుర్తులు పెట్టే నీలం పెన్సిలుతోనే బొమ్మలు వేసేది. గీత తిన్నగా పడేది కాదు, తడబడేది. కాని తను వేసింది చూపించేటప్పుడు ఆమెకి సిగ్గుండేది కాదు. తొలిసారి అన్నం ముద్ద కలిపిన చిన్నపిల్లలా బల్ల మధ్యకి తోసి, "చెప్పండి మరి," అనేది.

ఆ బల్ల దగ్గర ఒక కట్టుబాటుంది. "బాగుంది" అనకూడదు. బాగుంది అంటే ఏమీ చూడలేదని లెక్క. ఏం చూశావో చెప్పాలి. నోరు జారి బాగుంది అన్నవాడు ఆ పూట టీ కప్పులు కడగాలి. మాస్టారు అందరికంటే ఎక్కువసార్లు కడిగాడు, ఆయనది మెత్తటి మనసు.

పదకొండు నెలల కిందటి శనివారం కుట్టక్క ఒక పిల్లాడి మొహం తెచ్చింది. ఏడెనిమిదేళ్ళవాడు. "మా తమ్ముడు," అంది. "నాకు పదేళ్ళప్పుడు జ్వరమొచ్చి పోయాడు. ఫొటో లేదు. ఇన్నాళ్ళకి గుర్తు తెచ్చుకుని వేశాను."

బొమ్మ అందరి చేతులూ దాటి స్కేలాయన దగ్గరికొచ్చింది. నుదురు తేలిపోయింది, చెవులు ఎక్కడివో, అయినా ఆ మొహంలో ఏదో ఉంది. కాని ఎడమ కన్ను కుడికన్ను కంటే కిందికి జారింది. రెప్ప సగం వాలిపోయింది. కొలతలు తెలిసినవాడికి అది కంట్లో నలుసు. ముప్పై రెండేళ్ళుగా ఎవరి తప్పులూ దిద్దకూడదని కట్టేసుకున్న చెయ్యి ఒక్కసారిగా దురద పెట్టింది. "ఒక్క నిమిషం," అంటూనే రబ్బరు తీసి ఆ కన్ను చెరిపేశాడు. జేబులో స్కేలు తీసి రెండు కళ్ళకీ ఒకే వరస పట్టి, రెప్ప ఎత్తి, కంటిపాప గుండ్రంగా దిద్ది, అందులో చుక్కంత వెలుగు కూడా వదిలాడు. నిజంగానే బొమ్మ లేచి కూచుంది. బల్ల చుట్టూ నలుగురూ ఒక్క గొంతుతో, "బాగుంది!" అన్నారు. అని, నాలుక కరుచుకుని, ఒకర్నొకరు చూసి నవ్వారు. ఆ పూట నలుగురూ కలిసి కప్పులు కడిగారు.

కుట్టక్క అనలేదు. కాగితాన్ని చాలాసేపు చూసింది. "చాలా కష్టపడి వేశారండీ సారూ," అని మెల్లిగా మడత పడకుండా చుట్టుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

మొదట్లో ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు. తర్వాత అనుకోవడం మానేశారు. నెల్లాళ్ళకి ఫ్రేములాయన ఒక అట్టముక్క మీద "ఎదుటివారి కాగితం మీద పెన్సిలు పెట్టరాదు" అని రాసి, దానికి మంచి ఫ్రేము కట్టి గోడకి తగిలించాడు. ఎవరి గురించో ఎవరూ అనలేదు. స్కేలాయనకి తలకొట్టేసినట్టయింది. ఆఫీసులో కొన్ని వేల వంకరల్ని కళ్ళకద్దుకుని దించినవాడు, ఆ ఒక్క వంకరని వదిలెయ్యలేకపోయాడు. వదిలెయ్యాల్సింది అదొక్కటే.

మధ్యలో ఒకసారి కూరగాయల దుకాణం దగ్గర ఆమె కనిపించింది. చేతిలో గుడ్డల మూట. ఈయన మొహం చాటేసి, చెప్పు తెగినట్టు కిందికి వంగి కూచున్నాడు. ఆమె ఆయన్ని చూసిందో లేదో తెలీదు. పక్కనుంచే వెళ్ళింది. చీర కుచ్చిళ్ళకి అంటుకున్న తెల్ల దారప్పోగు ఒకటి ఆయనకి ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. లేచి నిలబడితే అయిపోయేది.

ఒంటిగంటకి ఇంకు పెన్ను కడిగి, మూత పెట్టి, సంచి తగిలించుకుని షాపుకి వెళ్ళాడు. కుట్టక్క ఇంటికెళ్తున్నానని చెప్పగానే వెనక గదిలో అందరూ చేస్తున్న పని ఆపారు.

"మా రూటులోనే సారూ," అన్నాడు డ్రైవరు. "నీళ్ళ ట్యాంకు స్టాపులో దిగండి. పక్క సందులో మూడో ఇల్లు, మేడమెట్లు బయటికుంటాయి."

"రమ్మన్నామని చెప్పండి," అన్నాడు మాస్టారు. "ఆ కుర్చీ ఖాళీగానే ఉంచామని చెప్పండి."

ఆయా అంతవరకు చేసిన వేలెడంత పుల్లల కుర్చీని కాగితంలో చుట్టి ఆయన సంచిలో పెట్టింది.

బస్సులో కిటికీ పక్కన కూచుని, అనబోయే మాట పెదాల మీదే నాలుగైదు రకాలుగా అనుకున్నాడు. "తప్పయిపోయిందమ్మా" అనాలా, "అక్కా" అనాలా? ఆమె తనకంటే చిన్నదే, అయినా అందరికీ అక్కే. చివరికి "అక్కా" అనే నిశ్చయించుకున్నాడు. కాస్త ధైర్యం వచ్చింది. మెట్లెక్కుతుంటే మనసులో ఒక ఆశ కూడా మొదలైంది. వచ్చే శనివారం ఆమె ఈ బొమ్మని బల్ల మధ్యకి తోసి, "సారుకి ముక్కు పెద్దదయిందండీ," అంటుంది, అందరూ నవ్వుతారు.

తలుపు తీసినావిడకి అరవై ఉంటాయి. జుట్టంతా తెలుపు. చేతికి సబ్బు నురగ.

"కుట్టు పని చేసే ఆవిడ... ఆసుపత్రిలో..."

"మా ఆడపడుచండీ," అంది. "మీరు?"

"మేం శనివారాలు బొమ్మలు వేసుకునే..."

"కన్ను వేసిన సారా?" ఆవిడ మొహం విప్పారింది. "రండి అన్నయ్యగారూ, రండి, లోపలికి రండి."

చిన్న గది. కిటికీ కింద కుట్టుమిషను, దాని మీద మడత పెట్టిన దుప్పటి. ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూచుంది.

"మీకు తెలీదనుకుంటాను. పోయి నెల దాటింది. అదిగో, అక్కడే. కుడుతూ కుడుతూ తల మిషను మీద వాల్చింది. అలిసిపోయిందనుకుని నేను లేపను కూడా లేపలేదు."

స్కేలాయన మిషను వైపు తిరిగాడు. నెల దాటింది. అంటే తను అద్దం ముందు కూచుని ముక్కు కుదరలేదని చెరుపుకుంటున్న రోజులు. సంచి ఒళ్ళోంచి జారితే పట్టుకున్నాడు.

"మీరంటే ఎంత గౌరవమో దానికి," అంది ఆవిడ. "ఆయన చెయ్యి పడితే మా తమ్ముడు రాజుకొడుకులా ఉన్నాడు అనేది. ఆ పిల్లాడికి పుట్టుకతోనే ఒక కన్ను కాస్త వాలి ఉండేదట. అదే దానికి ముద్దట. మళ్ళీ ఆ కన్ను వెయ్యాలని తెగ తిప్పలు పడింది. ఎంత వేసినా మీరు వేసిందే వచ్చేదట. 'ఇన్నేళ్ళు దాచుకున్నాను, ఇప్పుడెంత తలుచుకున్నా సారు కన్నే కనిపిస్తోంది, వాడిది కనిపించట్లేదు' అనేది. నవ్వుతూనే అనేది లెండి, మిమ్మల్ని ఏమీ అనేది కాదు."

ఏమన్నా అని ఉంటే బాగుండేదని స్కేలాయనకి అనిపించింది. తిట్టినా బాగుండేది. అలిగి మానేసిందనుకున్నాడు ఇన్నాళ్ళూ. అలక అయితే తీర్చొచ్చు.

ఆవిడ లోపలికెళ్ళి ఒక కాగితాల దొంతర తెచ్చింది. అన్నిట్లోనూ అదే పిల్లాడు, నీలం గీతల్లో. నుదురు మెల్లిగా కుదురుకుంటూ వచ్చింది, చెవులు వాటి చోటికి చేరాయి. ఆ పది నెలల్లో ఆమె చెయ్యి ఎంత తిరిగిందో కాగితం తర్వాత కాగితం చెబుతోంది. ఒక్కదానికీ ఎడమ కన్ను లేదు.

"ఒక్క సాయం చెయ్యండి అన్నయ్యగారూ." మిషను సొరుగులోంచి అరంగుళం మిగిలిన నీలం పెన్సిలు తీసిచ్చింది. "ఇందులో ఒక్కదానికి ఆ కన్ను వేసి పెట్టండి. దాని గుర్తుగా ఫ్రేము కట్టించుకుంటాను. నేనీ ఇంటికి కోడలిగా వచ్చేసరికే ఆ పిల్లాడు లేడు. మా ఆయనకైతే తెలిసుండేది, ఆయనా పోయి ఆరేళ్ళు."

స్కేలాయన పెన్సిలు అందుకుని, అన్నిటికంటే పైనున్న కాగితం మీదికి వంగాడు. ఆయన వేళ్ళకి తెలిసిన కన్ను ఒక్కటే. తిన్నగా, గుండ్రంగా, తప్పులేని కన్ను. ఆ రోజు రబ్బరు పట్టుకునే ముందు ఆ వాలిన రెప్పను ఒక్క క్షణమైనా సరిగా చూశానా అని వెతుక్కున్నాడు. చూడలేదు. తప్పని మాత్రమే చూశాడు.

"నా వల్ల కాదమ్మా," అన్నాడు.

"అదేమిటి, మీరే కదా..."

"చెరిపేసింది నేనమ్మా. దిద్దలేదు, చెరిపేశాను. అది చెప్పుకుందామనే వచ్చాను."

ఆవిడకి అర్థం కాలేదు. "అయ్యో, అలా అనుకోకండి. బాగుచేశారనే చెప్పింది," అంది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం చూసి, మంచినీళ్ళు తేవడానికి లేచింది. నీళ్ళు తాగి, గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టి, ఆవిడకీ, పోయిన కుట్టక్కకీ కలిపి దణ్ణం పెడుతున్నట్టు గుమ్మం దగ్గర ఆగి చేతులు జోడించి, ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆవిడ కాగితాలన్నీ దొంతరగా సర్ది మిషను మీద పెట్టింది. అన్నిటికీ పైన కుట్టక్క ఆఖరుసారి వేసిన బొమ్మ, చెరిపి చెరిపి నూగు లేచి ఎడమ కన్ను చోట చిన్న చిల్లు పడ్డ కాగితం, కిటికీ గాలికి లేచి పోకుండా ఆ చిల్లు పక్కన అరంగుళం నీలం పెన్సిలు.