కెరటం మీద వరహాలు

బొడ్డమ్మకు మనవలు పుట్టారు గానీ, మొగుడు వరహాలు తెప్ప మీద మొదటి కెరటం దాటడం ఆవిడ ఇంతవరకూ చూడలేదు. అలాగని ఒడ్డుకు రాదా అంటే, రోజూ వస్తుంది. తెప్పను నీళ్ళలోకి తోసేటప్పుడు అందరికంటే ముందుంటుంది. కెరటం లేచిందంటే చాలు, కళ్ళు గట్టిగా మూసుకుని గంగమ్మను తలుచుకుంటుంది. తెప్ప దాటేసిందని ఎవరైనా చెప్పాకే తెరుస్తుంది.

ఇప్పుడు వరహాలు మోకాళ్ళు మొండికేశాయి. ఆదివారం నుంచి తెప్పను నడిపే వెనక తెడ్డు కొడుకు గోవిందు పడతాడని ఇంట్లో తేలిపోయింది. కూతురు కుమారికి మాత్రం మనసొప్పలేదు. బతుకంతా అయ్య చేసిన పని అమ్మ ఒక్కసారైనా చూడకపోతే ఎలా? కళ్ళు తెరవనంటే పోనీ, ఫోటో తీసైనా చూపించాలని పంతం పట్టింది.

పంతం బాగానే ఉంది, ఫోనే బాగాలేదు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి పనికెళ్తూ కొనుక్కున్న సెకండ్‌హ్యాండ్ ఫోన్ అది. నొక్కితే కాస్త ఆలోచించుకుని గానీ ఫోటో తీయదు. తెప్ప కెరటం మీదికి లేవగానే కుమారి నొక్కింది. వచ్చింది ఉత్త సముద్రం. మర్నాడు ఇంకా గబుక్కున నొక్కింది. తెప్ప తోక మాత్రం పడింది, అదీ సగమే.

"నీ ఫోనుకీ మన అమ్మకున్న బయమే ఉన్నట్టుందే. కెరటం రాగానే కల్లు మూసుకుంతంది," అని గోవిందు పగలబడి నవ్వాడు.

ఆ నవ్వు కుమారికి ఒళ్ళు మండించింది. పని నుంచి రాగానే పెరట్లో కోళ్ళను తరుముతూ ఫోటోలు తీయడం మొదలెట్టింది. కోడి ఎగిరాక నొక్కితే ఖాళీ గోడ వచ్చింది. కోళ్ళు గుడ్లు పెట్టడం మానేస్తాయని బొడ్డమ్మ తిట్టిపోసింది. ఆ తిట్లు పడుతూనే కుమారి ఒకటి కనిపెట్టింది. ఎగరబోయే ముందు కోడి ఒళ్ళు ముడుచుకుంటుంది. అప్పుడే నొక్కేస్తే, ఫోను తన ఆలోచనేదో తాను ముగించుకునేసరికి కోడి గాల్లో ఉంటోంది! సరే, మరి కెరటం సంగతో? కెరటం లేవకముందే అయ్య "ఎయ్యండ్రా!" అని తెడ్ల వాళ్ళకు కేక పెడతాడు. పుట్టినప్పటి నుంచీ వింటున్న కేకే అది.

శనివారం వరహాలు ఆఖరిసారి తెడ్డు పట్టాడు. ఇవాళ తప్పితే ఇక లేదు. కుమారి ఫోను ఎత్తి పట్టుకుంది. పక్కన బొడ్డమ్మ కళ్ళు మూసేసుకుంది.

"ఎయ్యండ్రా!"

తెప్ప ఇంకా కిందే ఉంది. ఆగు, ఆగు అని మనసు లాగుతూనే ఉంది. కుమారి నొక్కేసింది.

ఫోటో చూసుకుని ఇసుకలో గెంతులేసింది. తెప్ప ముక్కు ఆకాశంలో ఉంది. కుర్రాళ్ళు తలలు వంచుకుని తెడ్లు వేస్తున్నారు. వెనక నిలబడ్డ వరహాలు మాత్రం మెడ తిప్పి ఒడ్డు వైపు చూస్తూ నవ్వుతున్నాడు.

బొడ్డమ్మ ఫోనును ముక్కు దాకా తెచ్చుకుంది. "ఓలమ్మో! అంతెత్తు కెరటం మీద ఈ మడిసి ఎనక్కి సూత్తన్నాడేటే?"

తెప్ప తిరిగొచ్చాక చేపలు దించనివ్వకుండా మొగుడిని నిలదీసింది. వరహాలు సిగ్గుపడిపోయాడు.

"రోజూ సూత్తాను. ఇయాలైనా కల్లు తెరిసినావేమోనని. నువ్వు తెరిస్తే కదా! బిగుసుకున్న నీ మొకం సూత్తే నాకు నవ్వొత్తాది. ఆ నవ్వుతోనే దాటేత్తాను."

బొడ్డమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అతని భుజం మీది తువ్వాలు లాగి దాంతోనే రెండు తగిలించింది.

"రేపు ఒక్కపాలి నువ్వే ఎల్లు. నాను సూత్తాను."

"మోకాల్లు..."

"నూనె రాత్తాను గానీ నోర్ముయ్యి."

ఆదివారం గోవిందు తెడ్డు మళ్ళీ తండ్రికే ఇచ్చేశాడు. వరహాలు కేక పెట్టగానే కుమారి ఫోనును సముద్రం వైపు కాదు, అమ్మ వైపు తిప్పి నొక్కింది. ఆ ఫోటోలో తెప్పా లేదు, కెరటమూ లేదు. బొడ్డమ్మ ఉంది, చెయ్యెత్తి ఊపుతూ, కళ్ళు రెండూ ఇంతింత చేసుకుని.