వదిన గొంతు

అన్నయ్యకీ వదినకీ విడాకులై ఎనిమిది నెలలైంది. ఇంట్లో ఆమె పేరు ఎవరూ ఎత్తరు. ఎత్తకూడదని ఎవరూ చెప్పలేదు. కడిగిన నేల మీద నడిచినట్టు అందరూ ఆ మాట దగ్గరికొచ్చేసరికి జాగ్రత్తపడతారు, అంతే. చెల్లెలు కూడా ఎత్తదు. కానీ ఆమె రోజూ వదిన గొంతు వింటూనే ఉంది. లాప్‌టాప్‌లో వదిన మాట్లాడిన రికార్డింగులు ఆరున్నాయి.

చెల్లెలు కళ్లజోళ్ల షాపులో అద్దాలు బిగిస్తుంది. వదినది రైల్వే స్టేషన్లో ఉద్యోగం. ప్రయాణికులు మర్చిపోయిన సామాన్లు భద్రపరిచే గది ఆమె చేతిలో ఉండేది. సాయంత్రం ఇంటికొస్తే ఆ రోజు ఏమేం దొరికాయో చెప్పేది. ఒంటి చెప్పు, పెళ్లి ఆల్బమ్, ఒకసారి పళ్ల సెట్టు. "పళ్లు వదిలేసి పోయినవాడికి భోజనానికి కూర్చున్నప్పుడైనా గుర్తు రావద్దూ?" అనేది. ఇవన్నీ పాడ్‌కాస్ట్ చేద్దామని అడిగింది చెల్లెలే. గొంతు గదిలో మారుమోగకుండా బీరువా తలుపులు తీసి, వేలాడే బట్టల మధ్య మైకు పెట్టి, ఇద్దరూ అందులోకి తలలు దూర్చి మాట్లాడుకునేవాళ్లు. అలా ఆరు ఎపిసోడ్లయ్యాయి. ఏడోది చేద్దామనుకున్న వారంలో వదిన తన పెట్టె సర్దుకుంది.

తప్పెవరిదో చెల్లెలు ఇప్పటికీ తేల్చుకోలేకపోయింది. ఆ ఇంట్లో అరుపుల్లేవు. వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం కొంచెం కొంచెంగా మానేశారు. ఓ రోజు చూస్తే మాటలే మిగల్లేదు.

ఆ తర్వాత ఈ నెలలన్నీ చెల్లెలు ఎడిటింగ్ పేరుతో ఆ రికార్డింగులు పెట్టుకుని కూర్చుంది. దగ్గులు తీసేసింది. కుక్కర్ కూతలు తీసేసింది. తీసేసినవి మళ్లీ పెట్టి, మళ్లీ తీసింది. చివరికి ఓ ఆదివారం మధ్యాహ్నం, ఇక కోయడానికేమీ లేదని తనకే తెలిసిపోయింది. ఎపిసోడ్లు ఎక్కించడానికి హోస్టింగ్ సైటు తెరిచింది. వదినని అడగాలని తెలుసు. అంతా సిద్ధం చేశాక అడుగుదాంలే అని తనకి తానే సర్దిచెప్పుకుంది.

సైటు ఒప్పుకోలేదు. చాలాకాలమైంది కాబట్టి ఖాతా ఎవరిదో రుజువు చెయ్యమంది. ఆరంకెల కోడ్ మెయిల్‌కి పంపామనీ, పది నిమిషాలే పనిచేస్తుందనీ చెప్పింది. ఖాతా తెరిచిన రోజు వాడింది వదిన మెయిల్.

ఫోన్ తీసి మెసేజ్ రాసింది, కొట్టేసింది. మళ్లీ రాసింది. ఈలోగా నాలుగు నిమిషాలు పోయాయి. ఇక లాభం లేదని ఫోనే చేసింది.

"చెప్పు కళ్లజోడూ," అంది వదిన, నిన్న కూడా మాట్లాడుకున్నట్టు.

ఆ ముద్దుపేరు విని చాలా రోజులైంది. "మెయిల్ చూస్తావా? ఒక కోడ్ వచ్చి ఉంటుంది," అని మాత్రం అంది చెల్లెలు.

"ఎనిమిది నెలల తర్వాత ఫోన్ చేసి కోడ్ అడుగుతున్నావా? నువ్వు మా ఆడపడుచువా, ఆన్‌లైన్ దొంగవా?"

చెల్లెలు నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. పాడ్‌కాస్ట్ సంగతంతా చెప్పింది. చెప్పాక, "అసలు ఇప్పుడు నిన్ను ఏమని పిలవాలో కూడా తెలీక ఇన్నాళ్లూ ఫోన్ చెయ్యలేదు," అంది.

"ఆడపడుచు అర్ధమొగుడు అంటారు కదే. మొత్తం మొగుడితో తెగిందని కాగితం ఇచ్చారు. అర్ధమొగుడి గురించి అందులో ఒక్క ముక్క లేదు. నేను పూర్తిగా చదివాను."

"అయితే వదినా అనే పిలుస్తా."

"పిలువు. నేను పలుకుతా."

అప్పటికి కోడ్ గడువు దాటింది. రెండోది తెప్పించారు. వదిన ఒక్కో అంకె నిదానంగా చదివింది. ఖాతా తెరుచుకున్నాక ఫోన్ పెట్టేయడానికి ఇద్దరికీ మనసొప్పలేదు.

"నాలుగో దాంట్లో మీ అన్నయ్య గొంతుంది కదా," అంది వదిన. "నాకభ్యంతరం లేదు. అతన్ని అడుగు. వద్దంటే తీసెయ్."

అన్నయ్య పక్కగదిలో చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. చెల్లెలు ఏమీ చెప్పకుండా హెడ్‌ఫోన్లు అతని చెవులకి పెట్టి, నాలుగో ఎపిసోడ్‌లో ఆ చోటు వినిపించింది. టీ చల్లారిపోతోంది, కబుర్లాపి రండి అంటాడు అతను, గదిలోకొచ్చి. వదిన మైకులో, "ఎవరూ వచ్చి మాదే అని అడగని వస్తువు మా ఇంట్లోనూ ఒకటుందండీ, ఇప్పుడే టీ పెట్టింది," అంటుంది. తర్వాత ముగ్గురి నవ్వూ కలిసిపోతుంది. అందరికంటే ఎక్కువసేపు నవ్వింది అతనే.

అన్నయ్య ఇస్త్రీపెట్టె నిలబెట్టి విన్నాడు. అయిపోయాక, "ఇంకోసారి పెట్టు," అన్నాడు. రెండోసారి కళ్లు మూసుకున్నాడు.

"తీసెయ్," అన్నాడు హెడ్‌ఫోన్లు తీస్తూ. "తెలియనివాళ్లు విని నవ్వుకుంటుంటే తట్టుకోవడం నావల్ల కాదు."

"సరే అన్నయ్యా."

ఆమె తలుపు దాకా వెళ్లాక వెనక నుంచి, "ఆ ముక్క పారెయ్యకు. నాకు పంపు," అన్నాడు. అలా అంటున్నప్పుడు చొక్కా వంకే చూస్తున్నాడు. అతనికింకా ఆశ ఉందని చెల్లెలు అనుకోలేదు. అయినా బెంగ ఉండటానికి ఆశ ఉండాలా ఏమిటి?

ఇరవై రెండు సెకన్లు కోసి అతనికి పంపింది. కోసిన చోట అటూ ఇటూ మాటలు ఎంతకీ అతకలేదు. చిన్న నిశ్శబ్దం వదిలేసి, ఇక చాలనుకుంది.

మిగతాదంతా ఫారం నింపే పని. ముఖచిత్రం చిన్నదైందని సైటు రెండుసార్లు తిప్పికొట్టింది. స్టేషన్ గదిలో వరసగా వేలాడే గొడుగుల ఫొటో, వదిన ఎప్పుడో పంపింది, వెతికి పెట్టింది. పరిచయ వాక్యాలు నాలుగుసార్లు రాసింది. మాట్లాడినవాళ్లు అన్నచోట "వదిన, ఆడపడుచు" అని ఒక్కసారే రాసింది, మార్చలేదు. ఈ కార్యక్రమం పూర్తయిందా, ఇంకా ఉందా అని ఆఖరి ప్రశ్న. కాసేపు ఆగి, ఇంకా ఉంది అన్నదాని మీద నొక్కింది. సోమవారం పొద్దున ఆరింటికి విడుదలయ్యేలా పెట్టింది.

సోమవారం షాపులో ఒకాయన కళ్లజోడుకి మరలు బిగిస్తుంటే వదిన నుంచి మెసేజ్ వచ్చింది. "విన్నా. నా గొంతు అంత కీచుగా ఉంటుందా?"

"ఇంకా ఎక్కువ. నేనే తగ్గించా," అని రాసింది. వెంటనే, ధైర్యం పోకముందే, ఇంకోటి రాసింది: "ఏడోది ఎప్పుడు?"

ఆ రోజంతా జవాబు లేదు. చెల్లెలు బస్సులో, మెట్ల మీద, భోజనం దగ్గర ఫోన్ చూసుకుంటూనే ఉంది. మర్నాడు మధ్యాహ్నానికి వచ్చింది.

"ఇప్పుడు కాదు. కానీ అడుగుతూ ఉండు."