కొంగ నిలబడ్డ గుంజ

గుంజ తలవైపు కొంగ మెడ చెక్కడం పూర్తయింది. మెల్ ఇప్పుడు అడుగువైపు పట్టాడు. ఒళ్లో గోనెపట్టా పరుచుకుని, ఎండి గట్టిపడ్డ నల్లమట్టిని మొండికత్తితో పొరలు పొరలుగా గీకుతున్నాడు. ఎడమచేతి చూపుడువేలు అతనికి సగమే ఉంది. మిగతా సగం ఎప్పుడో యంత్రం తీసుకుంది. కర్రను ఆ మొండివేలుతోనే తడిమి చూస్తాడు. కళ్లకంటే దాన్నే ఎక్కువ నమ్ముతాడు. షెడ్డు గోడ మీద గాలిమర రెక్కల నీడ వచ్చి పోతోంది, వచ్చి పోతోంది.

డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి. డెర్రీనగన్ బురదబయలు మీద మండే నల్లమట్టిని గీరి పవర్ స్టేషన్‌కి పంపే యంత్రాన్ని ముప్పై నాలుగేళ్లు నడిపాడు. స్టేషన్ మూతపడింది. ఇప్పుడదే బయలు మీద గాలిమరలు లేస్తున్నాయి. ఎనిమిది తిరుగుతున్నాయి, తొమ్మిదోది రావాలి. ప్రారంభోత్సవానికి, బయల్లో దొరికిన పాత ఓకు కర్రతో ఒక బొమ్మ కావాలని కంపెనీ కబురు పంపింది. ఆ కబురు తెచ్చినవాడు పరాయివాడు కాదు, చనిపోయిన చెల్లెలి కొడుకు ఫింటన్. మెల్ ఇంట్లోనే పెరిగి, ఇప్పుడా కంపెనీలోనే మేస్త్రీగా ఉన్నాడు. మెల్ సరేనన్నాడు. కాదనడం అతనికి ఎన్నడూ చేతకాలేదు. నోట్లో నాలుక లేని మనిషని ఊరంతా అంటుంది. నాలుక ఉంది, వాడలేదంతే.

మట్టిపెళ్ల ఊడింది. మొండివేలు ఆగిపోయింది.

అడుగు గుండ్రంగా లేదు. నాలుగువైపులా పలకలు దేలి మొనగా దిగింది. పలకల మీద బొటనవేలు వెడల్పున గాట్లు ఉన్నాయి. ఎవరో గొడ్డలితో చెక్కారు. ఇది తనంతట తాను కూలి బురదలో నల్లబడ్డ చెట్టు కాదు. ఏ వేల ఏళ్ల కిందటి మనుషులో బురద దాటడానికి కర్రల బాట వేసుకుని, అది కదలకుండా దిగ్గొట్టిన గుంజ. రెండేళ్ల కిందట, ఇప్పుడు తొమ్మిదో నంబరు జెండా పాతినచోట, కాలువలోంచి తనే లాగి తెచ్చాడు. మిగతా బాట ఇంకా అక్కడి మట్టి కిందే ఉండాలి. అక్కడే సోమవారం పొద్దున ఏడింటికి తవ్వకం. ఈరోజు శుక్రవారం.

మెల్ కత్తి పక్కన పెట్టాడు.

ఇలాంటి బాట ఒకటి అతను ఇరవై తొమ్మిదేళ్ల వయసులో చూశాడు. యంత్రం పళ్ల కింద పలకలు లేచాయి, పక్కపక్కనే పేర్చిన చెక్కపలకలు. "కర్రేగా, కానివ్వు" అన్నాడు పైఅధికారి. కానిచ్చాడు. పన్నెండు రోజులు పట్టింది. బాటంతా నల్లమట్టితో పాటు స్టేషన్ కొలిమిలోకి పోయింది. ఆ చలికాలం అందరిళ్లలోనూ దీపాలు వెలిగాయి, అతనింట్లోనూ వెలిగాయి. అప్పట్నుంచి తేలు కుట్టిన దొంగలా బతికాడు. ఆ ఏడే కర్ర చెక్కడం మొదలుపెట్టాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం భార్య అట్రాక్టా టీ, రొట్టె తెచ్చింది.

"ఏమయ్యా, నన్ను కాకుండా ఆ కొంగనే కట్టుకోవాల్సింది. దానికి చేసే సేవలో సగం నాకు చేసుంటేనా!"

"అట్రాక్టా..."

"ఏంటి?"

"టీ చల్లారిపోయింది."

నాలుగింటికి ఫింటన్ వ్యాను తెచ్చాడు. కొంగను చూసి మురిసిపోయాడు.

"మావయ్యా, ఇది ఎగిరిపోతుందేమో, కాళ్లకి తాడు కట్టాలి!"

మెల్ వాడి చెయ్యి పట్టుకుని మొన మీద పెట్టాడు. ఫింటన్ వేళ్లు గాట్ల మీద ఒకసారి జరిగాయి. వాడి ముఖంలో రంగు మారింది. వాడూ ఆ బయలు బిడ్డే, చెప్పక్కర్లేదు.

"ఎవరికైనా చెప్పావా?"

"నీకే."

"ఇది బయటపడితే పురావస్తువాళ్లొచ్చి ఏడాది పని ఆపేస్తారు మావయ్యా. ముప్పైమంది పని పోయి ఇళ్లకి పోతారు. నాతోనే మొదలుపెడతారు."

"తెలుసురా."

"మామూలు కర్రే అనుకోకూడదూ?"

"ఒకసారి అనుకున్నాను" అన్నాడు మెల్. "సోమవారం తవ్వకముందే నేనే మీ ఆఫీసుకొచ్చి చెబుతాను. అందాకా ఈ బొమ్మని పాతొద్దు, పడుకోబెట్టే ఉంచు. మొన జనానికి కనపడాలి."

ఫింటన్ తల ఊపాడు. ఇద్దరూ గుంజను వ్యానులోకి ఎక్కించారు. బరువుకి మెల్ రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు.

వ్యాను వెళ్లాక చేతులు కడుక్కుని, వంటింటి కుర్చీలో కూర్చున్నాడు. గుండెల మీది బండ దించినట్టుంది. ఇంత తేలిగ్గా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో నోరు విప్పేవాడు.

"సోమవారానికి నా మంచికోటు తీసిపెట్టు. ఆఫీసుకి వెళ్లాలి."

"ఆఫీసులో నీకేం పని?"

"మాట్లాడాలి."

"నువ్వా! మాట్లాడ్డమా!" నవ్వుకుంటూనే లోపలికెళ్లి, కోటు దులిపి, బొత్తాలు చూసి తెచ్చింది. అప్పటికి మెల్ తల ఒక పక్కకి వాలిపోయి ఉంది.

ఆదివారం అదే కోటు తొడిగి సాగనంపారు. ఫింటన్ శవపెట్టెకు ముందువైపు భుజం పట్టాడు. తల్లి పోయినప్పుడు కూడా వాడలా ఏడవలేదు. అది దొంగ ఏడుపు కాదు.

సోమవారం ఏడింటికి తొమ్మిదో నంబరులో తవ్వకం మొదలైంది. పది గంటలకు, దారి మలుపులో తీసిన గుంటలో కొంగ గుంజను మొన కిందికి పెట్టి దింపారు. "ఇంకా లోతుగా" అన్నాడు ఫింటన్. ఇంకా లోతుగా దింపి సిమెంటు పోశారు. చివర్లో ఒక బస్తా తక్కువొచ్చింది, వాన కూడా మొదలైంది. చాల్లెమ్మని అందరూ వెళ్లిపోయారు. సిమెంటుకి నాలుగు వేళ్ల పైన, ఒక్క గొడ్డలిగాటు బయటే ఉండిపోయి తడుస్తోంది.