హాజరుపట్టికలోని జ్వరము

శిశిరము చెల్లి వసంతము పొడచూపుచున్న యా దినమున బాలభానుని యరుణకిరణములు సముద్రతీరమందలి యుప్పుమళ్లపై బడి నిశ్చలమైన లవణజలమును గరగిన రాగివలె మెఱయజేయుచుండగా మళ్లపాలెపు ప్రాథమికపాఠశాలలో బ్రధానోపాధ్యాయిని సుభద్రాంబ హాజరుపట్టికను ముందిడుకొని తనిఖీయధికారి రాకకై యెదురుచూచుచుండెను.

ఆ బడిలోని పిల్లలు నలువదిమువ్వురు. వారిలో నిరువదియేవురు రైతులయొక్కయు వర్తకులయొక్కయు బిడ్డలు. తక్కిన పదునెనమండుగురు తెల్లవాఱినది మొదలు తల్లిదండ్రులతో గూడ నుప్పు ప్రోగుచేయుచు నెలలో సగము దినములైనను బడిమొగము జూడని కూలివారి సంతానము. ఉత్తీర్ణులసంఖ్య రెండేండ్లుగా నూటికి నఱువది దాటకపోవుటచే నీ యేడును దాటనిచో నామెకు దూరప్రాంతమునకు బదిలీ తప్పదని పైనుండి యుత్తరువు వచ్చియుండెను. అందుచే సుభద్రాంబ ముందునాటి సాయంకాలము కూలివారి బిడ్డలను బిలిచి మఱునాడు బడికి రావలదని చెప్పెను. పిల్లలు సెలవని గంతులిడుచు బోయిరి.

అధికారి జగ్గారావుగారు వచ్చిరి. ఉన్న యిరువదియేవురిలో నిరువదిమువ్వురు తడబడక చదివిరి. ఆయన సంతసించి నూటికి దొంబదిరెండని వ్రాసికొని పట్టిక త్రిప్పుచు నాగిరి.

“పంతులమ్మగారూ, రానివారందఱును నొక్క వాడవారే. కారణమేమి?”

“వాడలో జ్వరములండీ.” ఆ మాట యామెకు దెలియకయే నోట వెడలెను.

“అయ్యో! పసిబిడ్డలు గదా! చూచివత్తము రండు” అని యా దయాళువు లేచెను.

ఉప్పుమడిలో చీలమండలోతు నీట నిలిచి నాల్గవతరగతి బాలిక నూకాలు పలకకఱ్ఱతో నుప్పు లాగుచుండెను.

“అమ్మాయీ, నీకు జ్వరమట గదా?”

నూకాలు పంతులమ్మ మొగమువంక నొక్కమాఱు చూచి కఱ్ఱ విడిచి గట్టుపై గూలబడి “అవునండయ్యగారూ. పొద్దున్నుంచీ ఒళ్లు కాలిపోతంది” అని మండుటెండలో వడకసాగెను. అది చూచి ప్రక్కమళ్లలోని చిన్నవారును దగ్గ మొదలిడిరి.

చదువ నేరదని తాను దాచిన బాలిక తన మొగము నొక్కచూపున జదివినదని సుభద్రాంబ గ్రహించెను. సిగ్గుచే నామె శిరము వ్రాలెను.

“అయ్యా, ఈ బిడ్డల కే జ్వరమును లేదు. చదువలేరని నేనే రావలదంటిని. ఎండలో వీరు పనిచేయుచుండగా నీడలో గూర్చుండి వీరిని లెక్కనుండి తీసివేసితిని.”

జగ్గారావుగా రా గట్టుమీదనే పదునెనమండుగురిని బరీక్షించిరి. ఇరువురు మాత్రమే చదువగలిగిరి. నూకాలు మూడవపంక్తికడ నాగిపోయెను. తొంబదిరెండు కొట్టివేయబడి యేబదియెనిమిదియయ్యెను.

పక్షము దినములలో బదిలీయుత్తరువు వచ్చెను. సుభద్రాంబ బండి యెక్కబోవువేళ నూకాలు పరుగున వచ్చి రొప్పుచు నడిగెను.

“నాను అబద్దం సరిగ్గా సెప్పలేదేటమ్మగారూ? అందుకేనా మిమ్మల్ని పంపేత్తన్నారు?”

సుభద్రాంబ నేలపై మోకరిల్లి యా బాలిక చేతులను దన చేతులలోనికి దీసికొనెను. పదేండ్లయిన నిండని యా యఱచేతులు ముదుసలి చేతులవలె గరకుగా బగిలియుండెను.