మూడో ఫ్లాస్కు

ఆ పొద్దున గచ్చిబౌలిలోని మా ల్యాబ్‌లో రోహిణి కాలు నేల మీద నిలవడం లేదు. మొక్కల కాండాన్ని సాగదీసే హార్మోను ఆక్సిన్. అది పోసిన ఫ్లాస్కులో ఈస్ట్ కణాలు ఉబ్బాయి. పోయని ఫ్లాస్కులో మామూలుగానే ఉన్నాయి. రేపు కమిటీ ముందు ఇదే చూపించాలి. వాళ్లకు నచ్చితే ఆమె పీహెచ్‌డీ సాగుతుంది, లేకపోతే మూటాముల్లె సర్దుకోవడమే.

పక్క బల్ల దగ్గర నా పని నేను చేసుకోవచ్చు కదా. నా నోరు ఊరుకుంటేగా!

"రోహిణీ, ఆక్సిన్ నీళ్లల్ల సరిగ్గ కరగదని స్పిరిట్ల కలిపినవ్ గదా. మరి రెండో ఫ్లాస్కుల గూడ గంతే స్పిరిట్ పోసినవా?"

ఆమె ముఖం పాలిపోయింది. "లేదు నరేందర్. దాంట్ల ఉత్త నీళ్లే పోసిన. దీంట్లనేమో జల్ది కరగాలని స్పిరిట్ జర ఎక్కువనే పోసిన."

అంటే కణాలను ఉబ్బించింది హార్మోనో, స్పిరిటో ఎవరికి తెలుసు? ఇంత చదివి చేసే పొరపాటేనా ఇది! కోపం వచ్చింది, అంతకు మించి జాలి వేసింది. ఆమె వెంటనే మూడో ఫ్లాస్కు పెట్టింది. అందులో ఈస్ట్, అంతే స్పిరిట్. హార్మోను చుక్క కూడా లేదు.

మర్నాడు కమిటీ వాళ్లు పక్క గదిలో టీ తాగుతుండగా రోహిణి మైక్రోస్కోపు మీద వంగింది. సరిగ్గా అప్పుడే రోడ్డవతల బండలు పేల్చారు. హైటెక్ సిటీ వస్తోందని ఊరంతా సంబరం, మాకేమో రోజూ ఈ అదురుడు. ఆమె కదిలిన స్లైడును మళ్లీ సర్దుకుంది. ఉబ్బకూడదు, ఉబ్బకూడదు అని నేను లోలోపలే మొక్కుకున్నాను.

"ఉబ్బినయ్," అంది. "ఆక్సిన్ పోసినట్టే ఉన్నయ్."

పిలవడానికి వచ్చిన మా గైడు రామ్మోహనరావు గారు సంగతంతా విని తలుపు దగ్గరగా వేశారు.

"మూడో ఫ్లాస్కు పెట్టమని ఎవరూ అడగలేదు కదమ్మా. మొదటి రెండూ చూపించండి, చాలు. ఇంతకీ దీన్ని ఎవరెవరు చూశారు?"

ఆయన నా వైపే చూశారు. అంత వాగే నేను నేల చూపులు చూశాను.

"నేను చూశాను సార్," అంది రోహిణి.

స్లైడు తీసుకుని, తలుపు తెరిచి కమిటీ గదిలోకి నడిచింది. గైడు గారు ఇంకా నన్నే చూస్తున్నారు. నాకు భయం వేసింది. మూడో ఫ్లాస్కు పట్టుకుని ఆమె వెనకాలే వెళ్లాను.