ఇద్దరి తాళాల్లో ఒకే భాజకం

ఆఫీసులో రసజ్ఞ ముందున్న తెర మీది సంఖ్యలో 617 అంకెలున్నాయి. బేసి సంఖ్య. మూడుతో భాగిస్తే శేషం మిగులుతుంది. ప్రధాన సంఖ్య కాదు. రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం. ఆ రెండూ తెలిస్తే తాళం తెరుచుకుంటుంది. లబ్ధాన్ని చూసి వాటిని రాబట్టడం ఎవరి వల్లా కాదు. హైటెక్ సిటీలోని ఆమె కంపెనీ ఆ ధైర్యంతోనే ఇళ్ల తలుపులకు ఎలక్ట్రానిక్ తాళాలు చేస్తోంది.

అమ్మే ముందు తాళాలను ఉద్యోగుల ఇళ్లకే బిగించి చూడడం అక్కడి పద్ధతి. తెల్లాపూర్‌లో రసజ్ఞ ఇంటికి ఒకటి, ఎదురు ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే సహోద్యోగి సుబ్బరాయుడికి ఒకటి బిగించారు.

"పెళ్లిచూపుల్లో కుర్రాణ్ణి చూసినట్టు చూస్తున్నారేంటండీ దాన్ని?" అన్నాడు సుబ్బరాయుడు.

"మీ తాళం సంఖ్యకు, నా తాళం సంఖ్యకు గసాభా తీసిన. ఒకటి రావాలె."

"రాలేదా?"

"మూడు వందల తొమ్మిది అంకెలొచ్చినయి."

సుబ్బరాయుడు కుర్చీ లాక్కున్నాడు. రెండు సంఖ్యల్లోనూ ఒక ప్రధాన సంఖ్య ఒకటే. దానితో భాగిస్తే మిగిలింది బయటపడుతుంది. చిన్న చిప్ అంత పెద్ద ప్రధాన సంఖ్యను వెతకాలంటే ఆలస్యమవుతుందని, పరీక్షల కోసం వాళ్ల బృందం రెండింట్లో మొదటిదాన్ని ప్రోగ్రామ్‌లోనే రాసిపెట్టింది. తర్వాత తీసేయడం మరిచింది. తాళం దగ్గరికొచ్చిన ఏ ఫోన్‌కైనా దాని సంఖ్య కనబడుతుంది. ఆ రెండు తలుపుల మధ్య నిలబడితే చాలు, ఎవరైనా వాటి తాళంచెవులు చేసుకోవచ్చు.

రసజ్ఞ ఫోన్‌కు సందేశం వచ్చింది: మీ తాళంచెవితో తలుపు తెరిచారు.

తాళంచెవి ఆ ఫోనే. అది ఆమె చేతిలో ఉంది. ఇంట్లో, బడి నుంచి వచ్చిన కూతురు బుజ్జి ఒక్కతే ఉంది. రసజ్ఞ వెంటనే ఫోన్ చేసింది.

"బుజ్జీ, ఏడున్నవ్?"

"తలుపు కాడ. నువ్వు రాలేదా మమ్మీ? తాళం నీ పేరు చెప్పింది."

ఎవరి తాళంచెవితో తెరిస్తే వాళ్ల పేరు పలకడం ఆ తాళం ప్రత్యేకత.

"గడియ పెట్టినవా?"

"పెట్టిన. తలుపు జరంత కదిలి గడియ కాడ ఆగింది. మమ్మీ అంటే పలుకుతలేరు." బుజ్జి గొంతు తగ్గించింది. "ఇంకా ఆడనే ఉన్నరు."

"తియ్యకు బిడ్డా. నేనొచ్చేదాక ఎవరికీ తియ్యకు."

సుబ్బరాయుడు అపార్ట్‌మెంట్ కాపలాదారు కొమురయ్యకు ఫోన్ చేసి, కారు తీశాడు. గచ్చిబౌలి దాటకముందే బుజ్జి ఫోన్ ఆగిపోయింది. మళ్లీ కలవలేదు. కొమురయ్య ఫోన్ చేస్తే సుబ్బరాయుడు స్పీకర్ పెట్టాడు.

"ఎవ్వరు లేరు సార్. తలుపు దగ్గరికి లాగిన, తాళం పడ్డది. పాప ఎంత పిలిచినా పలుకుతలేదు."

"ఆడనే ఉండన్నా," అంది రసజ్ఞ. "జర కదలకు."

ఆమె లిఫ్ట్ దిగేసరికి కొమురయ్య తలుపుకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. పక్కకు జరిగాడు. ఆమె తాళం దగ్గర ఫోన్ పెట్టింది. తాళం తెరుచుకుంది. "స్వాగతం, రసజ్ఞ" అంది. తలుపు గడియ దాకా వెళ్లి ఆగింది.

"బుజ్జీ, నేనే. తియ్యి."

లోపల అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చింది. గడియ కదలలేదు.

"ఇందాక ఫోన్ బందైనంక, బయట ఇంకో గొంతు గూడ గట్లనే అన్నది," అంది బుజ్జి.

"నేనే బిడ్డా. మమ్మీని."

గాబరాలో ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినబడింది.

"మా మమ్మీ గొంతు గిట్లుండదు."