పౌడరు గదిలో ఐదు చర్చలు

మా ఛానెల్లో దేశాన్ని బాగుచేసే పని రోజూ సాయంత్రం ఆరింటికి నా కుర్చీలో మొదలవుతుంది. చర్చలకొచ్చే పెద్దమనుషుల ముఖాలకు పౌడరు అద్దడం నా ఉద్యోగం. "కళ్లు మూసుకోండి సార్" అంటాను, మూసుకుంటారు. పదకొండేళ్లుగా ఇదే తంతు.

సోమవారం రాజకీయాలు. అధికార పార్టీ ఆయన్ని మేం బల్లగుద్దుడు అంటాం. ఆయనా ప్రతిపక్షాయనా నా గదిలో పక్కపక్కనే కూర్చుని మోకాళ్ల నొప్పులకు ఏ నూనె మంచిదో చెప్పుకున్నారు. పది నిమిషాల తర్వాత స్టూడియోలో ఒకరి పీక ఒకరు పిసికినంత పనిచేశారు. నాకు నవ్వాగలేదు.

మంగళవారం ఆర్థికం. మూడేళ్లుగా మా చర్చలకొస్తున్న ప్రొఫెసరుగారి బట్టతల మెరుపు చావాలంటే మూడు పూతలు పడాలి. అవి పూయించుకుని వెళ్లి, దుబారా తగ్గాలని గర్జించారు. బుధవారం వాతావరణం. కరెంటు ఆదా చేయాలని గంటసేపు వాదించుకున్నవాళ్లే, ఏసీ కాస్త తగ్గించేసరికి నామీద విరుచుకుపడ్డారు. సూర్యుణ్ణి నేనే తెచ్చి పెట్టానా?

గురువారం టెక్నాలజీ. ప్రొడ్యూసరమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"అక్కా, రేపట్నుంచి ముఖాలు కంప్యూటరే నున్నగా చూపిస్తుందట. నువ్వు ఈ నెలాఖరుదాకా రా. తర్వాత చూద్దాం."

ఇక్కడ 'చూద్దాం' అంటే ఏమిటో, అమ్మ పుట్టిల్లు మేనమామకు తెలియదా! నా ఒక్కదాని జీతం మీద నడిచే ఇల్లు, కాలేజీలో కూతురు.

ఆ దిగులుతోనే ప్రొఫెసరుగారికి పౌడరు అద్దుతుంటే, ఆయన కళ్లు మూసుకుని ఆనాటి ప్రసంగం వల్లిస్తున్నారు. "యంత్రాలొస్తే పోయేవన్నీ పనికిరాని పనులే. ఈ టీవీ మేకప్పే తీసుకోండి..."

పళ్లు నూరుకున్నాను. నాలుగో పూత సున్నంతో వేయాలనిపించింది.

శుక్రవారం నన్ను ఊరికే కూర్చోమన్నారు. బల్లగుద్దుడూ ప్రొఫెసరుగారూ ఎదురెదురుగా కూర్చున్నారు, చర్చ మొదలైంది. కంప్యూటరు ప్రొఫెసరుగారి ముఖాన్ని గుర్తుపట్టింది గానీ, బట్టతల కూడా మనిషిదేనని దానికి తట్టలేదు. కింద పసిపిల్లాడి బుగ్గలు, పైన దీపస్తంభం! ఆ వెలుగుకు బల్లగుద్దుడు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చెయ్యి అడ్డొస్తే చాలు, కంప్యూటరు తికమకపడి ఆయన అసలు ముఖం చూపిస్తోంది. చెయ్యి దించితే పాతికేళ్ల కుర్రాడు, ఎత్తితే వాళ్ల తాత. ప్రకటనలు వేసేశారు.

ప్రొఫెసరుగారి భార్య అప్పటికే ఫోన్ చేసింది. "తలమీద బల్బేంటండీ?" అన్న అరుపు మాకందరికీ వినిపించింది. ఆయన పరుగున వచ్చి నా కుర్చీలో పడి, అలవాటుగా కళ్లు మూసుకున్నారు. వెనకే ప్రొడ్యూసరమ్మ.

"కానివ్వమ్మా, త్వరగా!" అన్నారు ప్రొఫెసరుగారు.

నేను డబ్బా మూత తియ్యలేదు. "నిన్న మీరు పనికిరాదన్న పని ఇదే సార్. నెలాఖరుకు తీసేస్తున్నారు."

ఆయన కళ్లు తెరిచారు. మూడేళ్లలో మొదటిసారి అద్దంలో నన్ను చూశారు.

"రోజూ... నువ్వేనా అమ్మా?"

"నేనే సార్."

తనదాకా వస్తేగానీ తెలియదంటారు. ఆయన ప్రొడ్యూసరమ్మ వైపు తిరిగి, "ఈవిడ లేకపోతే నేను రాను!" అన్నారు.

"దుబారా కదా సార్?" అన్నాను.

"కాదమ్మా, మౌలిక సదుపాయం!"

ప్రొడ్యూసరమ్మ గడియారం చూసింది. ప్రకటనలు అయిపోవడానికి ఇంకో నిమిషం. "ఆ కంప్యూటరు వెనక్కి పంపించేస్తా. నువ్వెక్కడికీ పోవట్లేదు. ఇక కానియ్యి అక్కా, నీకు దణ్ణం పెడతా."

మూత తీశాను. ఆయన మళ్లీ కళ్లు మూసుకోబోయారు.

"తెరిచే ఉంచండి సార్" అన్నాను.